పన్నెండు వరుసలు

ఫిబ్రవరి 3, సోమవారం

ఈ రోజు నోటీసు బోర్డు మీద ఒక కాయితం అంటించాను. పదకొండేళ్ళుగా ఈ ల్యాబులో టెక్నీషియన్‌గా ఉంటూ ఇలాంటివి ఎన్ని అంటించానో లెక్కలేదు. దీన్ని మాత్రం అంటించాక నిలబడి చదివాను. మళ్ళీ చదివాను.

పూర్తి ఫెలోషిప్‌తో రెండు పీహెచ్‌డీ సీట్లు. నాలుగేళ్ళు. ఫీజు లేదు, నెలనెలా స్టైపెండ్, కాన్ఫరెన్సులకి పంపేదీ వాళ్ళే. సైన్సులో గానీ ఇంజినీరింగులో గానీ పీజీ ఉండాలి. అంశం: సముద్రం పక్క వంతెనల ఉక్కు తీగలకు తుప్పు పట్టకుండా కొత్త రకం పూత. గైడ్ మా మేడమ్. అన్నిటికంటే కింద చిన్న అక్షరాల్లో, డిపార్ట్‌మెంటు సిబ్బంది కూడా అర్హులే అని.

నాకు పీజీ ఉంది. సాయంత్రం క్లాసులకు వెళ్ళి చదివాను. పాప కడుపులో ఉండగా చివరి పరీక్ష రాశాను. ఆ సర్టిఫికెట్ బీరువాలో చీరల కింద ఉంది. ఇంతవరకు దాన్ని ఎవరూ అడగలేదు.

ఫైలు పెట్టడానికి మేడమ్ గదిలోకి వెళ్తే తలెత్తకుండానే అడిగారు, నోటీసు అంటించావా, చదివావా అని. అంటించానన్నాను. రెండో ప్రశ్నకి జవాబు రాకపోయేసరికి అప్పుడు తలెత్తారు.

ఫిబ్రవరి 4

కాయితం మూల లేచిందని సాకు పెట్టుకుని మూడుసార్లు వెళ్ళి చూశాను.

ఫిబ్రవరి 9, ఆదివారం

అప్లికేషన్ నింపుతున్నాను. పరిశోధన ఎందుకు చేయాలనుకుంటున్నారో అయిదు వందల పదాల్లో రాయాలట. నాలుగు వాక్యాలు వచ్చాయి. ఇంతవరకు ఏడుగురు స్కాలర్లకి పరికరాలు నేర్పాను. చేరిన కొత్తలో నన్ను ఏవండీ అంటారు, తర్వాత అక్కా అంటారు, డాక్టరేట్ వచ్చాక గుర్తుపట్టరు. పాపం, ఒకరిద్దరు పడతారు. వాళ్ళకి వచ్చిన అనుమానాల్లో సగం ముందు నాకు వచ్చినవే. నేను అడగలేదు, వాళ్ళు అడిగారు. అంతే తేడా. ఇది రాశాక మిగతా పదాలు వాటంతటవే వచ్చాయి.

మా ఆయన లిఫ్టు మెకానిక్. ఏమంటారోనని భయపడుతూ చెప్పాను. మనుషుల్ని పైకి పంపడమే కదా నా పని అన్నారు. ఈ జోకు పెళ్ళయినప్పటి నుంచీ వింటున్నాను. ఈసారి నవ్వు వచ్చింది.

ఫిబ్రవరి 20

ఇంటర్వ్యూకి పిలిచారు. పిలిచిన ఆరుగురికీ ప్రాజెక్టు ప్రపోజల్ కాపీ ఇచ్చారు, చదువుకుని రమ్మని. ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో తెరిచాను.

ఏడో పేజీలో ఒక గ్రాఫు. మూడు గీతలు. పూత లేని ఉక్కు ఉప్పు పొగలో ఒక్క రోజుకే తుప్పు పట్టింది. బజారులో దొరికే పూత వేసింది రెండు వందల ఇరవై గంటలకి పట్టింది. మేడమ్ తయారుచేసిన కొత్త పూతకి అయిదు వందల గంటలైనా ఒక్క చుక్క లేదు. ఈ మూడో గీత చూసే డబ్బిచ్చే సంస్థ ప్రాజెక్టు మంజూరు చేసింది. సీట్లు రెండూ ఆ గీత మీద నిలబడి ఉన్నాయి.

గ్రాఫు కింద తేదీలు. అక్టోబరు 7 నుంచి 28.

అందులో పన్నెండు రోజులు నేను ల్యాబులో లేను. లాగ్‌బుక్‌లో మాత్రం ఉన్నాను.

దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

ఫిబ్రవరి 21

పన్నెండు రోజుల్లో ఏం కొంప మునిగి ఉంటుంది. ఆ తుప్పు పరీక్ష చేసే పెట్టె దాని పాటికది నడుస్తూనే ఉంటుంది.

మార్చి 6

ఇంటర్వ్యూ. బల్ల వెనక నలుగురు. మేడమ్, ఇంకో ఇద్దరు, బయటి నుంచి వచ్చిన బట్టతల ప్రొఫెసర్ ఒకాయన. టెక్నీషియన్‌కీ పరిశోధకులకీ తేడా ఏమిటని ఆయనే అడిగారు. పరికరం చెప్పింది రాసుకుంటే టెక్నీషియన్, అది నిజమేనా అని అడిగితే పరిశోధకులు అన్నాను. ఆయనకి నచ్చింది. పక్కాయన వైపు చూసి తలూపారు.

తర్వాత ఏడో పేజీ తీశారు.

"ఈ పరీక్ష జరిగినప్పుడు పెట్టె చూసుకున్నది ఎవరు?"

"నేనేనండీ."

"ఇంకేం మరి" అని పేజీ తిప్పేశారు. మేడమ్ నా వైపు చూసి నవ్వారు.

రెండు క్షణాలు నా నోరు తెరిచే ఉంది. ఆ రెండు క్షణాల్లో చెప్పి ఉండొచ్చు. తర్వాతి ప్రశ్న వచ్చింది. దానికి చాలా బాగా జవాబు చెప్పాను.

మార్చి 12

వచ్చింది. ఇద్దరిలో నేనొకదాన్ని.

పాప ఆరో క్లాసు. నీకు కూడా పరీక్షలుంటాయా, నిన్ను కూడా తిడతారా అని ఆశగా అడిగింది. అక్క ఫోన్ చేసింది. ఏడుస్తున్నావా అంటే, ఏడవడం లేదే, మందులకి కళ్ళు నీళ్ళు కారుతున్నాయి అంది. ఆయన నాకు చెప్పకుండా టేబుల్ లైటు కొనుక్కొచ్చారు, చదువుకోవడానికి.

టెక్నీషియన్ పోస్టుకి నాలుగేళ్ళు సెలవు పెట్టాను. నా చోట తాత్కాలికంగా ఒకతన్ని వేస్తారట. తాళాల గుత్తి అప్పగించేశాను.

సంతోషంగానే ఉంది. ఉంది అని రాస్తున్నానంటేనే ఏదో తేడా ఉన్నట్టు.

ఏప్రిల్ 1

చేరాను. ఇద్దరికీ కలిపి ఒక గది ఇచ్చారు. రెండో సీటు వచ్చిన అమ్మాయికి ఇరవై మూడేళ్ళు. మొహం కంటే కళ్ళద్దాలే ముందు కనిపిస్తాయి. ఇక్కడ ఆ పేరుతోనే రాస్తాను. మంచి కంపెనీ ఉద్యోగం మానేసి వచ్చింది. కాంట్రాక్టు మధ్యలో మానేస్తావా అని వాళ్ళ నాన్న మాట్లాడడం మానేశాడట. పీహెచ్‌డీ అయ్యాక మాట్లాడతాడులే అక్కా అంది. మొదటి రోజే అక్కా అనేసింది.

ఏప్రిల్ 15

మొదటి పని, ఏడో పేజీ పరీక్షని మళ్ళీ చేసి చూడడం. ఏ ప్రాజెక్టయినా అలాగే మొదలవుతుంది. కళ్ళద్దాలు ఉక్కు పలకలు శుభ్రం చేసి పూత వేసింది. నేను పెట్టెలో పెట్టాను. ఉప్పు పెట్టె అంటాం దాన్ని. లోపల రెండు వైపులా రెండు నాజిల్స్, వాటిలోంచి ఉప్పునీరు పొగమంచులా వస్తూ ఉంటుంది, రాత్రింబవళ్ళు. మధ్యలో అడ్డుపలక. ఈసారి పూత పలకల్ని రెండు వైపులా పెట్టాను. ఎందుకని కళ్ళద్దాలు అడిగింది. మంచి పద్ధతి అది అన్నాను.

మంచి పద్ధతే. నేను పెట్టింది మాత్రం అందుకు కాదు.

ఏప్రిల్ 25, ఉదయం 9.40

రెండు వందల ముప్పై ఆరు గంటలు. కొత్త పూత వేసిన పలక మీద ఎర్రటి చుక్క. పుట్టుమచ్చంత.

అదే రోజు, సాయంత్రం 4.00

నాలుగు పలకలు. రెండు వైపులా.

మేడమ్ భూతద్దంతో చూశారు. శుభ్రం చేయడంలో పొరపాటు జరిగి ఉంటుందన్నారు. చేతి చెమటలో ఉప్పు ఉంటుంది, వేలిముద్ర పడితే చాలు, పూత కింద నుంచే తుప్పు మొదలవుతుంది. మళ్ళీ చేయమన్నారు.

మే 9

మళ్ళీ చేశాం. రెండు వందల నలభై గంటలకి తుప్పు.

మేడమ్ ఈసారి నెమ్మదిగా మాట్లాడలేదు. కొత్త టెక్నీషియన్ ముందే, పక్క ల్యాబు స్కాలర్ల ముందే, కళ్ళద్దాల్ని నిలబెట్టి అడిగారు, గ్లవ్స్ వేసుకున్నావా, ఎన్నిసార్లు మార్చావు, పలక ఎక్కడ పట్టుకున్నావు అని. ఆ అమ్మాయి ప్రతిదానికీ జవాబు చెప్పింది. అయినా ఏదో చేసే ఉంటావులే అన్నారు మేడమ్.

నేను పక్కనే నోట్‌బుక్కు పట్టుకుని నిలబడ్డాను. ఆ రోజు తేదీ రాసి ఉంది అందులో. దాని కింద ఇంకేమీ రాయలేకపోయాను.

మే 12

మూడో బ్యాచ్ పెట్టాం. కళ్ళద్దాలు పలకల్ని పట్టకారుతో తప్ప ముట్టుకోవడం లేదు.

మే 22, ఉదయం 11.20. ల్యాబు వెనక మెట్ల మీద

రెండు వందల ముప్పై ఎనిమిది గంటలు. అదే చుక్క.

ఇప్పటికైనా ఇక్కడ రాయాలి. ఎవరూ చదవని చోట కూడా రాయకుండా మూడు నెలలు గడిపాను.

అక్టోబరు 12 పొద్దున్నే అక్కని ఆసుపత్రిలో చేర్చాం. కడుపులో గడ్డ. ఆపరేషనయ్యాక మళ్ళీ జ్వరం, మళ్ళీ లోపల చీము. అక్కకి నేను తప్ప ఎవరున్నారు. పన్నెండు రోజులు అక్కడే ఉన్నాను. సెలవు చీటీ ఫోన్లో పంపాను. పెట్టె సంగతి ఎవరికీ అప్పజెప్పలేదు. మర్చిపోయాను. అప్పటి స్కాలర్ థీసిస్ రాసుకుంటూ వారానికోసారి వచ్చి, మూత అద్దంలోంచి ఫొటోలు తీసుకుని వెళ్ళేవాడు. లోపల పొగ కనిపిస్తుంది కదా, కుడి వైపు నుంచి వస్తున్నా సరే.

24న వచ్చి మూత తీశాను. ఎడమ నాజిల్ మూసుకుపోయి ఉంది. చుట్టూ ఉప్పు పేరుకుని, తెల్లగా, పన్ను మీద గారలా. రెండు వైపులా గరాటు కింద కొలగొట్టం ఉంటుంది, ఎంత పొగ కురిసిందో తెలియడానికి. రోజూ అది చూసి లాగ్‌బుక్‌లో అంకె వేయాలి. కుడి గొట్టం నిండి పొర్లిపోయింది. ఎడమ గొట్టం అడుగున తడి కూడా లేదు.

వేడినీళ్ళతో, సూదితో నాజిల్ బాగుచేశాను. పది నిమిషాల పని. మర్నాడు ఆడిట్. లాగ్‌బుక్‌లో పన్నెండు వరుసలు ఖాళీ. ఆడిట్‌లో ఖాళీ వరుస కనిపిస్తే మెమో ఇస్తారు. నిలబడే రాశాను. 1.4, 1.5, 1.4, 1.6. ఆరో వరుస దగ్గర పెన్ను మార్చాను, ఒక్క రోజే రాసినట్టు ఉండకూడదని. అంత ఆలోచన ఉంది నాకు ఆ రోజు.

ఆ స్కాలర్ కొత్త పూత పలకలన్నీ ఎడమ వైపే పెట్టాడు, మిగతావి కుడి వైపు. ఆ పరీక్షకి అంత విలువ ఉందని అప్పుడు ఎవరికీ తెలియదు. అతను ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. గ్రాఫు మిగిలింది.

లెక్క సులువు. అయిదు వందల గంటల్లో రెండు వందల ఎనభై ఎనిమిది గంటలు ఎడమ వైపు పొగ లేదు. ఆ పూత నిజంగా తట్టుకున్నది రెండు వందల పన్నెండు. ఇప్పుడు రెండు వందల ముప్పైల్లో తుప్పు పడుతోంది. బజారు పూతకీ దీనికీ ఏమీ తేడా లేదు.

కళ్ళద్దాల చేతుల్లో ఏ తప్పూ లేదు. ఎప్పుడూ లేదు.

మే 25, ఆదివారం

ఆయనకి చెప్పాను. పాప ఆడుకోవడానికి వెళ్ళాక, అన్నాల దగ్గర.

మొత్తం విన్నారు. తను కూడా చూడకుండా టిక్ పెట్టిన రోజులున్నాయన్నారు. అందరూ చేసేదే, ఎవరడిగారు నిన్ను, నాలుగేళ్ళ చదువుని చేజేతులా పాడుచేసుకుంటావా అన్నారు. నా మంచికే అన్నారు. నాకు కూడా ఆ మాటలే వినాలని ఉంది. ఇంకొంచెం చెప్పమన్నట్టు కూర్చున్నాను.

తర్వాత కూర వడ్డించుకుంటూ అడిగారు.

"ఇంతకీ ఆ పూత దేనికి?"

"తీగలకి. ఉక్కు తీగలకి."

"లిఫ్టు తీగలకా?"

"వంతెనల తీగలకి. రెండో ఏడాది నడక వంతెన ఒకదానికి వేసి చూస్తారట."

గరిటె గిన్నెలో పెట్టేశారు. మళ్ళీ వడ్డించుకోలేదు. ఆ విషయం ఇంక మాట్లాడనూ లేదు. సాయంత్రం నా చెప్పు తెగితే కుట్టించుకొచ్చారు.

జూన్ 3

కళ్ళద్దాలు తన ల్యాబ్ నోట్సు తెచ్చింది. తప్పెక్కడ జరుగుతోందో చూసి పెట్టమంది. అరవై పేజీలు, గుండ్రటి అక్షరాలు. ఈ రోజు ఒక పలక చేయి జారి కింద పడింది, పక్కన పెట్టేశాను అని ఒక చోట ఉంది. ఈ రోజు తలనొప్పి, బరువు రెండుసార్లు తూచాను, రెండూ వేరుగా వచ్చాయి, రెండూ రాస్తున్నాను అని ఇంకో చోట.

అన్నీ చదివి, బాగానే ఉన్నాయమ్మా అన్నాను. అయితే తప్పు నాకే కనిపించడం లేదన్నమాట అంది.

జూన్ 10

చెప్పాను.

మేడమ్ గదిలో ఫ్యాను ఆపేసి ఉంది, కాయితాలు ఎగురుతాయని. తలుపు వేశాను. కూర్చోమన్నారు. కూర్చోలేదు. లాగ్‌బుక్ బల్ల మీద పెట్టి అక్టోబరు పేజీ తెరిచాను.

"ఈ పన్నెండు వరుసలూ చూడకుండా రాశాను మేడమ్. ఆ రోజుల్లో నేను ఆసుపత్రిలో ఉన్నాను. ఎడమ వైపు పొగ రాలేదు. పూత పలకలు ఎడమ వైపే ఉన్నాయి."

వేలు పెట్టి వరుసలు లెక్కపెట్టారు. పెన్ను మారిన చోట వేలు ఆగింది.

"ప్రపోజల్ రాసేటప్పుడు ఈ పుస్తకం నా పక్కనే ఉంది" అన్నారు. "తెరవలేదు. రాసింది నువ్వే కదా అని."

తిట్టి ఉంటే బాగుండేది.

ఇంకెవరికి తెలుసు అని అడిగారు. మా ఆయనకి అన్నాను. మేడమ్ లాగ్‌బుక్ మూసేశారు. వచ్చే ఏడాది రిటైర్మెంటట, ఇదే ఆఖరి ప్రాజెక్టట. నాకు తెలిసిన సంగతే. ఇప్పుడు చెబితే ప్రాజెక్టు మూసేస్తారు, రెండు సీట్లూ పోతాయి, ఉద్యోగం మానుకుని వచ్చిన ఆ పిల్ల రోడ్డున పడుతుంది అన్నారు. ఫార్ములా మార్చి చూద్దాం, మంచి ఫలితం వస్తే పాత గ్రాఫు ఎవరూ అడగరు అన్నారు.

"కొన్నాళ్ళు ఇది మనిద్దరి మధ్యే ఉండనీ."

తలూపాను. బయటికి వచ్చాక ఒళ్ళు తేలికైంది. మెట్లు దిగుతుంటే అర్థమైంది, నేను చెప్పింది తేలికపడడానికే. అంతకంటే దేనికీ కాదు.

జూన్ 17

మొదటి ప్రోగ్రెస్ రిపోర్టు డ్రాఫ్టు వచ్చింది. స్కాలర్లిద్దరూ సంతకం పెట్టి ఇవ్వాలి. మూడో పేజీలో ఒక వాక్యం: కొత్తగా చేరిన స్కాలర్‌కు నమూనాల తయారీలో అనుభవం లేనందువల్ల ఫలితాలలో తేడాలు కనిపించాయి.

కింద కళ్ళద్దాలు అప్పటికే సంతకం పెట్టేసింది. గుండ్రంగా.

జూన్ 18, ఉదయం 8.30

కొత్త టెక్నీషియన్ తప్ప ఇంకెవరూ రాకముందే వచ్చాను. అతన్ని అడిగి లాగ్‌బుక్ తీసుకున్నాను. స్కేలు పెట్టి పన్నెండు వరుసల మీదా ఒక్కొక్క గీత కొట్టాను. కింద అంకె కనిపించేలా కొట్టాలి, దిద్దుబాటుకి పద్ధతి అదే, ఏడుగురికీ నేనే నేర్పాను. ప్రతి గీత పక్కనా రాశాను: చూడలేదు. సంతకం. ఈ రోజు తేదీ. పన్నెండుసార్లు.

పేజీ ఫొటో తీసి, జరిగిందంతా ఒక పేజీలో రాసి మేడమ్‌కి మెయిల్ పంపాను. కాపీ డిపార్ట్‌మెంటు హెడ్‌కి, రీసెర్చి కమిటీకి. ప్రోగ్రెస్ రిపోర్టు మీద సంతకం పెట్టలేనని చివర్లో రాశాను. అందులో మేడమ్ గురించి ఒక్క మాట కూడా రాయలేదు. అది కూడా నిజాన్ని దాచడమేనా? తెలియడం లేదు. రాయలేకపోయాను.

జూన్ 19

మెయిల్ చూసి తెలుసుకోకూడదని, నిన్న సాయంత్రమే కళ్ళద్దాలకి చెబుదామనుకున్నాను. లీవులో ఉంది. ఈ రోజు నేను వచ్చేసరికే, ఎవరో పంపిస్తే, చదివేసి ఉంది.

మా గదిలో తన కుర్చీలో కూర్చుంది. నేను మొదలుపెట్టబోతే చేతులు బల్ల మీద పెట్టింది. అరచేతులు పైకి. వేళ్ళ కొసల్లో చర్మం ఊడిపోయి ఉంది, అక్కడక్కడ పగిలి ఎర్రగా. పలకలు శుభ్రం చేసే మందుతోనే చేతులు కడుక్కుందట. రోజూ, పదిసార్లు, పదిహేనుసార్లు. గ్లవ్స్ లోపల చెమట పడుతోందేమోనని.

"నెల్లాళ్ళు కడిగానక్కా" అంది. "మీ పక్కనే ఉన్న సింకులో."

ఈ పని తనకి చేతకావడం లేదని మొన్ననే వాళ్ళ నాన్నకి ఫోన్ చేసి చెప్పిందట. ఆయన తిట్టకుండా, పోనీలే వచ్చెయ్ అన్నాడట. ఇన్నాళ్ళకి ఆయన మాట్లాడింది అందుకు. టికెట్ కూడా కొనుక్కుంది, శనివారానికి.

క్షమించమని అడగడానికి కూడా సిగ్గేసింది. అయినా అడిగాను. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. అద్దాలు లేకుండా ఆ పిల్ల మొహం ఎప్పుడూ చూడలేదు. చాలా చిన్నది.

జూన్ 21, శనివారం

వెళ్ళిందో లేదో తెలియదు. అడిగే మొహం నాకు లేదు.

జూన్ 23

గదిలోకి వెళ్తే కుర్చీలో ఉంది. నా వైపు చూడలేదు. చేతులకి తెల్లటి మందు రాసుకుని ఉంది.

జూలై 8

కమిటీ. డబ్బిచ్చిన సంస్థ తరఫున బట్టతల ప్రొఫెసర్ వచ్చారు. ఇంటర్వ్యూలో నేను మిమ్మల్ని అడిగాను కదా, అప్పుడెందుకు చెప్పలేదు అన్నారు.

రెండు వారాలుగా దీనికి జవాబులు తయారుచేసుకున్నాను. అక్క ఆసుపత్రి, ఆడిట్, భయం. ఏవీ రాలేదు.

"సీటు కావాలనిపించిందండీ" అన్నాను.

ఆయన అది రాసుకున్నారు.

ప్రపోజల్ పంపే ముందు లాగ్‌బుక్ సరిచూసుకునే బాధ్యత ఎవరిదని తర్వాత అడిగారు. నన్ను కాదు, అందరినీ. మేడమ్ లేచి నిలబడ్డారు. కూర్చునే చెప్పొచ్చు, కానీ లేచారు. నాదే అన్నారు. ఈ విషయం నాకు జూన్ 10నే తెలుసు, ఎనిమిది రోజులు దాచింది నేను, రిపోర్టులో ఆ వాక్యం రాసింది నేను అన్నారు. కమిటీలో ఎవరికీ ఆ సంగతి తెలియదు. చెప్పకపోతే తెలిసేదీ కాదు.

జూలై 30

ఉత్తరాలు వచ్చాయి. నా రిజిస్ట్రేషన్ రద్దు. మళ్ళీ ఇక్కడ పీహెచ్‌డీకి అప్లై చేయకూడదు. టెక్నీషియన్ పోస్టులోకి తిరిగి తీసుకుంటారు, ఆ ల్యాబులో మాత్రం కాదు. మెమో. ప్రాజెక్టు మూసేయలేదు. ఒక సీటుతో, రెండేళ్ళకి కుదించి, కొత్త గైడ్ కింద నడుపుతారు. పూత ఎందుకు ఓడిపోతోందో తేల్చాలి. సీటు కళ్ళద్దాలది.

ఆయన ఉత్తరం రెండుసార్లు చదివి మడతపెట్టి ఇచ్చారు. పాప అడిగింది, తిట్టారా అని. అవునన్నాను. ఎక్కువా అంది. సరిపోయినంత అన్నాను.

అక్కకి కారణం చెప్పలేదు. చదువు కష్టంగా ఉందని మానేశానన్నాను. నువ్వా, అంది అక్క. నమ్మలేదు. నా వల్ల ఏమైనా జరిగిందా అని గుచ్చి గుచ్చి అడిగింది. నీ వల్ల ఏమిటే అన్నాను. ఇంకో అబద్ధం. ఇది మాత్రం దిద్దను.

ఆగస్టు 4

కొత్త చోటు. భవనం అడుగు అంతస్తులో నీటి ప్రవాహాల ల్యాబు. పొడుగాటి కాలువ, రెండు పంపులు. చెమ్మ వాసన. ఇక్కడ నన్నెవరూ ఏమీ అడగడం లేదు. అందరికీ అంతా తెలుసన్నమాట.

ఆగస్టు 21

మేడమ్ కారిడార్లో ఎదురయ్యారు. పక్కకి తప్పుకోబోయాను. ఆగారు. పూత మీద అచ్చయిన పేపరు వెనక్కి తీసుకున్నట్టు ఈ రోజే పత్రికకి రాశానన్నారు. ముప్పై ఏళ్ళలో మొదటిసారట. నువ్వు పాడుచేశావని కొన్ని రోజులు అనుకున్నాను, ఇప్పటికీ కొన్ని రోజులు అనుకుంటాను అన్నారు. నాకు తెలుసన్నాను.

అక్కకి ఎలా ఉందని అడిగారు. బాగుందన్నాను. ఆ పన్నెండు రోజుల్లో నేను ఒక్కసారైనా ఫోన్ చేసి అడగాల్సింది అని వెళ్ళిపోయారు.

సెప్టెంబరు 16, ఉదయం 10.15

కళ్ళద్దాలు ఫోన్ చేసింది. మూడు నెలల్లో మొదటిసారి. పెట్టెలో చప్పుడు తేడాగా వస్తోంది, మీకైతే తెలుస్తుంది, వినండి అంది. అక్కా అనలేదు.

ఫోన్ మూత దగ్గర పెట్టమన్నాను. ఇక్కడి పంపులు ఆపించి, కళ్ళు మూసుకుని విన్నాను. సన్నగా, ఆగకుండా, పాలు పొంగడానికి ముందు వచ్చే చప్పుడులా.

"నాకు బాగానే ఉన్నట్టుంది" అన్నాను. "కానీ నేను చెప్పానని వదిలెయ్యకు. మూత తీసి చూడు."

ఫోన్లో మూత లేచిన చప్పుడు.